ఇంజిన్‌లో లేని ముక్కలు

నా వర్క్‌బెంచి కింద ఒక రేకు డబ్బా ఉంది. ఒంటి చేత్తో లేపలేను. అందులో నిండా ఇత్తడి గొట్టాలు, నిలువునా చీలిక కొట్టిన అల్యూమినియం కడ్డీలు, పక్కపక్కనే రెండేసి రంధ్రాలున్న ఉక్కు దిమ్మలు, ఒక కొసన 7.98 అనీ ఇంకో కొసన 8.01 అనీ గీసి ఉన్న చిన్న చిన్న పిన్నులు. బెంచి మీద ఇంజిన్ ఉంటుంది. రెండు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్, పెట్రోలుతో నడుస్తుంది, రెండు అరచేతుల్లో పట్టేస్తుంది. చూడ్డానికి వచ్చినవాళ్లు నేరుగా బెంచి దగ్గరికే వెళ్తారు. డబ్బా కాలికి తగిలితే తప్ప ఎవరూ వంగి చూడరు. నేను రాయాలనుకున్నది, ఆ ఇంజిన్ని చేయడానికి నేనే చేసుకున్న పనిముట్లున్న ఆ డబ్బా గురించే.

ఇంట్లో చిన్న లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ కోసే యంత్రం) పెట్టుకుని ఇంజిన్ చేద్దామనుకునే ఎవరికైనా మొదట వచ్చే సలహా ఒకటే. తేలికైనదానితో మొదలుపెట్టు. ముందు గాలితో నడిచే, సిలిండరు అటూ ఇటూ ఊగే బొమ్మ ఇంజిన్ ఒకటి చెయ్యి. తర్వాత బయటి వేడితో నడిచే స్టిర్లింగ్ ఇంజిన్ ఒకటి. తర్వాత ఇంకేదో ఒకటి. పెట్రోలు ఇంజిన్ మాట పదేళ్ల తర్వాత చూద్దువుగాని. సలహా ఇచ్చేవాళ్లు మంచివాళ్లే, అనుభవం ఉన్నవాళ్లే. వాళ్ల మాట విని ఊగే ఇంజిన్ ఒకటి చేశాను. నాలుగు సెలవు రోజులు పట్టింది. గొట్టం తగిలించి గాలి ఊదగానే గిరగిరా తిరిగింది. చాలా సంతోషపడ్డాను కూడా. కానీ వారం తర్వాత ఆలోచిస్తే, దాన్ని చేసే ముందు నాకు రానిది ఏదీ చేశాక కొత్తగా వచ్చినట్టు అనిపించలేదు. ఎందుకంటే ఆ ఇంజిన్ అన్నిటినీ సహిస్తుంది. సిలిండరు కొలత కాస్త అటూ ఇటూ ఉన్నా తిరుగుతుంది. గాలి కారుతున్నా తిరుగుతుంది. నా తప్పుల్లో ఒక్కటి కూడా నాకు చూపించలేదది.

అందుకే నా వాదన ఇది: తేలికైనది ఒకటి చేయండి, లేత్‌తో పరిచయం కావాలి కదా. రెండోది మాత్రం మీ చేతనైన దానికంటే కష్టమైనది ఎత్తుకోండి. తేలిక ఇంజిన్ మీ చేత ముక్కలు చేయిస్తుంది. కష్టమైన ఇంజిన్ ఆ ముక్కల్ని చేయడానికి కావలసిన పనిముట్లు చేయిస్తుంది. ఈ రెండూ ఒకే లేత్ మీద జరుగుతాయి కాబట్టి ఒకే పని అనిపిస్తాయి, కానీ కాదు.

చిన్న ఇంజిన్ ఎందుకు కష్టమో కాస్త లెక్క చూద్దాం. చాలామంది పెద్ద ఇంజిన్ కంటే చిన్నది తేలికనుకుంటారు, లోహం తక్కువ కదా అని. 80 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వ్యాసం) ఉన్న ఇంజిన్ని నాలుగో వంతుకి కుదించి 20 మిల్లీమీటర్లు చేశామనుకోండి. సిలిండరు గోడల విస్తీర్ణం పదహారో వంతుకి తగ్గుతుంది, లోపలి ఘనపరిమాణం మాత్రం అరవై నాలుగో వంతుకి పడిపోతుంది. అంటే లోపల మండే వాయువుతో పోలిస్తే, వేడిని లాగేసుకునే గోడ నాలుగింతలైందన్నమాట. చెంబులో వేడినీళ్లు కాగులో నీళ్లకన్నా ముందు చల్లారడం లాంటిదే ఇదీ. అసలు దెబ్బ ఇంకోచోట ఉంది. పిస్టన్‌కీ గోడకీ మధ్య సందు పెద్ద ఇంజిన్‌లో ఎంత ఉందో చిన్నదాంట్లోనూ అంతే వదిలామనుకోండి. సందు చుట్టుకొలత నాలుగో వంతే, లోపలున్న గాలేమో అరవై నాలుగో వంతు. కారడం పదహారింతలైనట్టు లెక్క. కాబట్టి బొమ్మను కుదించినట్టే సందునూ కుదించాలి. అది ఇష్టం వచ్చినట్టు కుదరదు. పెట్రోలు చుక్క కూడా ఇంజిన్‌తోపాటు చిన్నదైపోదు. స్కేలు మాట కాగితానికి తెలుసు గానీ చుక్కకు తెలియదు.

ఇది నాకు మాత్రమే వచ్చిన కష్టం కాదు. ఇంజిన్ల చరిత్రలో మొదటినుంచీ ఉన్నదే. ఆవిరి ఇంజిన్‌ను మెరుగుపరిచిన జేమ్స్ వాట్‌కు ఆవిరిని వేరే పాత్రలో చల్లార్చాలన్న ఆలోచన 1765లో వచ్చింది. 1769లో పేటెంటు తీసుకున్నాడు. ఆలోచన సరైనదే, లెక్కలు సరైనవే, కానీ గుండ్రంగా ఉన్న సిలిండరు చేసిపెట్టేవాడు లేడు. అప్పటి సిలిండర్లలో పిస్టన్ ఒకచోట బిగుసుకుని ఇంకోచోట వదులుగా ఉండి ఆవిరి కారిపోయేది. 1774లో ఇంగ్లండ్‌లో ఇనుప కర్మాగారాల యజమాని జాన్ విల్కిన్సన్ ఫిరంగి గొట్టాలు తొలవడానికి కొత్త యంత్రం చేశాడు. తర్వాత దాని అనుభవంతోనే సిలిండర్లు తొలిచే యంత్రం వచ్చింది. అందులో కోసే ఉలిని మోసే కడ్డీకి రెండు కొసల్లోనూ ఆధారం ఉంటుంది, ఒకవైపు వేలాడుతూ ఊగదు. అంతే తేడా. 1776లో ఇంగ్లండ్‌లోని టిప్టన్‌లో పెట్టిన 50 అంగుళాల సిలిండరులో ఎక్కడా పాత షిల్లింగు నాణెం మందమంత కూడా తప్పు లేదని వాట్ భాగస్వామి బౌల్టన్ మురిసిపోతూ రాశాడు. ఆలోచనకీ అది నడవడానికీ మధ్య పదేళ్ల పైనే పట్టింది, ఇంజిన్‌లో ఎక్కడా లేని ఒక కడ్డీ కోసం.

ఆ నాణెం మందం ఒక మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ అనుకుందాం. 50 అంగుళాలంటే 1270 మిల్లీమీటర్లు. అంటే దాదాపు వెయ్యికి ఒకటి. అదే నిష్పత్తి నా 20 మిల్లీమీటర్ల బోరుకు వేస్తే 20 మైక్రాన్లు (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వస్తుంది. ఇంటి లేత్ మీద జాగ్రత్తగా చేస్తే అది దాటదు. వాట్‌కు సరిపోయింది నాకూ సరిపోతుందని ఒక రాత్రంతా పొంగిపోయాను. తెల్లారాక గుర్తొచ్చింది, వాట్ ఇంజిన్ నింపాదిగా కదిలేది, పిస్టన్ చుట్టూ జనపనార కుక్కేవారు. నాది గాలిని ఆరో వంతుకి నొక్కి నిప్పంటించాలి.

ముందు క్రాంక్‌షాఫ్ట్ సంగతి, అంటే పిస్టన్ల ఎగుడుదిగుడును గుండ్రటి తిరుగుడుగా మార్చే ఇరుసు. రెండు పిస్టన్లూ కలిసి లేచి కలిసి దిగే డిజైను నాది, కాబట్టి రెండు క్రాంక్ పిన్నులూ ఒకే వైపు. 24 మిల్లీమీటర్ల స్ట్రోక్‌కి, అంటే పిస్టన్ కదిలే దూరానికి, పిన్ను ఇరుసు నడి నుంచి 12 మిల్లీమీటర్లు ఎడంగా ఉండాలి. 40 వెడల్పు, 16 మందం ఉన్న ఉక్కు పట్టీ ఒకటి తెచ్చి అందులోంచి మొత్తం షాఫ్ట్‌ను చెక్కాలనుకున్నాను, శిల్పం చెక్కినట్టు. పట్టీ నిగనిగలాడుతూ ఉంది, అందుకే దాన్ని ఎంచుకున్నాను. వారం రోజుల పని అయ్యాక లేత్ సెంటర్ల (రెండు కొసల్నీ పట్టే మొనల) మధ్య పెట్టి తిప్పితే వంకర కొలిచే డయల్ గేజ్ ముల్లు 0.3 మిల్లీమీటర్లు ఊగింది. ముందు రోజు సాయంత్రం దాకా నిటారుగా ఉన్న షాఫ్టే! వేడి చేయకుండా లాగి సైజుకు తెచ్చిన ఉక్కు పైపొరలో బిగువు దాగి ఉంటుంది. ఒకవైపు కోసేస్తే రెండో వైపు బిగువు దాన్ని వంచేస్తుంది. నిగనిగకి నేను కట్టిన జరిమానా అది.

జీవితమంతా ఫ్యాక్టరీలో లేత్ నడిపే టర్నర్‌గా చేసి రిటైరైన మామయ్య అప్పుడే వచ్చాడు. ముక్కను చేతిలోకి తీసుకుని ఒక కన్ను మూసి చూశాడు.

"ఏరా, ఎలా కొయ్యాలో ఇంత ఆలోచించావు. ఎలా పట్టుకోవాలో ఆలోచించావా?"

"సెంటర్ల మధ్య పట్టుకున్నాను కదా మామయ్యా."

"మధ్యలో పిన్ను దగ్గర ఖాళీ ఉంది. వెనకనుంచి సెంటర్ బిగిస్తే అది విల్లులా వంగదా? అక్కడ దిమ్మ పెట్టాలి. ఆ దిమ్మ ఎక్కడుంది నీ డ్రాయింగులో?"

డ్రాయింగులో లేదు. ఏ డ్రాయింగులోనూ ఉండదు. డ్రాయింగు ఇంజిన్ గురించి చెబుతుంది, ఇంజిన్ ఎలా పుట్టాలో చెప్పదు. రెండోసారి పట్టీని ఎర్రగా కాల్చి బూడిదలో కప్పి నింపాదిగా చల్లారనిచ్చాను. రెండు కొసల్లోని సెంటర్ రంధ్రాలు ఒకదానికొకటి అచ్చంగా ఎదురుబొదురు ఉండాలి, లేకపోతే పిన్ను మెలితిరుగుతుంది. దానికోసం ఒక దిమ్మ చేశాను. ఖాళీల్లో ఇరికించడానికి రెండు దిమ్మలు. పిన్ను లోతుకి దిగే సన్నటి, పొడవాటి ఉలి ఒకటి. అది వణక్కుండా కింద ఒక ఊత. షాఫ్ట్ కోయడానికి నాలుగు రోజులు, దాని చుట్టూ ఉన్నవి చేయడానికి పదిహేను రోజులు. అయినా రెండో షాఫ్ట్ కూడా పోయింది, దిమ్మ పెట్టడం ఒకసారి మర్చిపోతే ఉలి కరుచుకుంది. మూడోది ఇంజిన్‌లో ఉంది. ముల్లు కదలిక మిల్లీమీటరులో నూరో వంతు.

సిలిండర్ల దగ్గరికి వచ్చేసరికి కోసే పని తగ్గింది, కొలిచే పని పెరిగింది. సిలిండరు లోపలి గొట్టాలైన పోత ఇనుప లైనర్లను లేత్ మీద దాదాపు సైజుకి తొలిచి, మిగతాది ల్యాపింగ్‌తో, అంటే రుద్ది అరగదీసి, తీయాలి. చీలిక కొట్టిన అల్యూమినియం కడ్డీ, దాన్ని కొంచెం కొంచెంగా ఉబ్బించే స్క్రూ, పైన సన్నటి రాపిడి పొడి కలిపిన నూనె. అల్యూమినియం మెత్తన కాబట్టి పొడి దాంట్లోనే గుచ్చుకుని ఉండిపోయి ఇనుమును అరగదీస్తుంది. కడ్డీని మరీ బయటికి లాగితే బోరు అంచులు గరాటులా విచ్చుకుంటాయి. ఇదంతా చదివి తెలుసుకోవచ్చు. చేతికి మాత్రం మూడో లైనరు పాడయ్యాక తెలిసింది.

ఒక రాత్రి పదకొండింటికి బోరు సరిగ్గా అనుకున్న కొలతకు వచ్చింది. పిస్టన్ జారవిడిస్తే బరువుగా, ఊపిరి వదిలినట్టు దిగింది. తృప్తిగా పడుకున్నాను. పొద్దున చూస్తే పిస్టన్ దూరడం లేదు! ఎవరైనా మార్చారా అని కూడా అనుమానం వచ్చింది, నిజంగా. జరిగింది ఏంటంటే, ల్యాపింగ్‌కి లైనరు వేడెక్కింది. పోత ఇనుము ఒక డిగ్రీకి మీటరుకు 11 మైక్రాన్లు సాగుతుంది. 20 మిల్లీమీటర్ల బోరు 20 డిగ్రీలు వేడెక్కితే నాలుగు మైక్రాన్ల పైన పెరుగుతుంది. నేను వదలాలనుకున్న సందే అయిదు మైక్రాన్లు. కొలతలన్నీ 20 డిగ్రీల ఉష్ణోగ్రత దగ్గర అని ప్రపంచమంతా ఎందుకు ఒప్పందం చేసుకుందో ఆ పొద్దున అర్థమైంది. అరచేతి వేడి కూడా నా లెక్కలో ఒక అంకె అయింది. ఆ తర్వాత కొలిచే ముందు లైనరునీ గేజ్‌నీ ఒకే ఇనుప పలక మీద గంటసేపు పక్కపక్కన వదిలేసేవాణ్ణి. 19.99, 20.00, 20.01 కొలతల్లో మూడు ప్లగ్ గేజ్‌లు (బోరులో దూర్చి చూసే కొలత కడ్డీలు) నేనే చేసుకున్నాను. అవీ డబ్బాలోకే.

హెన్రీ మాడ్‌స్లే గుర్తొస్తాడు ఇక్కడ. స్క్రూలు కోసే లేత్‌కి ఒక రూపం తెచ్చిన పెద్దమనిషి. ఆయన బల్ల మీద మందం కొలిచే మైక్రోమీటరు ఒకటి ఉండేది, దానికి "లార్డ్ ఛాన్సలర్" అని పేరు పెట్టుకున్నాడు. వర్క్‌షాపులో కొలత గురించి తగాదా వస్తే తీర్పు దానిదే. నా ప్లగ్ గేజ్‌లకు అంత పెద్ద పేర్లేమీ లేవు. కానీ ఇంట్లో నాతో నేనే తగాదా పడిన రాత్రుళ్లలో తీర్పు వాటిదే.

పిస్టన్ చుట్టూ ఉండి సందును మూసే రింగుల పని నాకు అన్నిటికన్నా ఇష్టం. పోత ఇనుప గొట్టంలోంచి సన్నటి వలయాలు కోసి, ఒకచోట విరిచి, ఆ సందును ఒక బిళ్లతో ఎడంగా పట్టి ఉంచి, మూత బిగించిన డబ్బాలో ఎర్రబడేదాకా వేడి చేస్తే, చల్లారాక ఆ ఎడం అలాగే నిలబడుతుంది. అప్పుడది స్ప్రింగు. బోరులోకి నొక్కితే గోడను తోస్తూ ఉంటుంది. బోరులో పెట్టి వెనక దీపం పట్టాలి, చుట్టూ ఎక్కడా వెలుతురు గీత కనబడకూడదు. చివరల మధ్య ఎంత సందు వదలాలో లెక్క వేసుకోవచ్చు: 20 మిల్లీమీటర్ల రింగు చుట్టుకొలత 63, గోడకన్నా అది నూరు డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే 0.07 మిల్లీమీటర్లు సాగుతుంది. అంతకన్నా తక్కువ వదిలితే చివరలు గుద్దుకుని బిగుసుకుపోతుంది. నేను 0.1 వదిలాను. ఇంజిన్‌కి కావలసింది నాలుగు రింగులు. పద్దెనిమిది చేస్తే వెలుతురు పరీక్షలో ఆరు మిగిలాయి. బిళ్ల, డబ్బా, దీపం పెట్టే గొట్టం మాత్రం పద్దెనిమిదికీ ఒకటే.

వాల్వుల గురించి ఎక్కువ చెప్పను, వాటి మీద నాకు ఇంకా కోపం ఉంది. వాల్వు కూర్చునే సీటు 45 డిగ్రీలు, వెడల్పు 0.3 మిల్లీమీటర్లు. ఎంత నూరితే అంత బాగా కూర్చుంటుందని నూరుతూ పోయాను. సీటు వెడల్పయింది, కారడం ఎక్కువైంది. చివరికి వాల్వు కాడ కదిలే గైడు రంధ్రంలోనే తిరిగే పిన్ను ఉన్న కటర్ ఒకటి చేశాను, సీటు దానంతటదే గైడుకు నడిలో పడేలా. పరీక్షకు సిరంజి, రబ్బరు గొట్టం. వాల్వు వెనక దారికి, అంటే పోర్టుకు తగిలించి సిరంజి పిస్టన్ లాగితే, కారకపోతే అది వెనక్కి వస్తుంది, కారితే లాగినచోటే ఉండిపోతుంది. ఇంతకన్నా చవకైన నిజాయితీపరుణ్ణి నేను చూడలేదు. కార్బురేటర్, ఇగ్నిషన్ పెద్దగా ఏడిపించలేదు. పిస్టన్లు కలిసి లేస్తాయి కాబట్టి రెండు ప్లగ్గులకూ ప్రతి చుట్టులో ఒకేసారి నిప్పురవ్వ పంపినా సరిపోయింది, ఒకటి పనికొస్తుంది, ఒకటి వృథా.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది, "సీఎన్‌సీ మిషన్ ఉంటే ఇదంతా ఎందుకు?" నాకు కంప్యూటర్ మిషన్ల మీద పగ లేదు. దొరికితే వాడతాను, వాల్వుల్ని తెరిచే క్యామ్‌లు రెండేసి డిగ్రీలు తిప్పుతూ కోసి, గట్లను ఆకురాయితో తీసిన రోజుల్లో కలలో కూడా వచ్చింది. కానీ క్రాంక్‌షాఫ్ట్ వంగింది ఉలి నడిచిన దారి తప్పయి కాదు. ముక్కలోని బిగువు వల్ల, పట్టుకున్న తీరు వల్ల. మామయ్య ప్రశ్నను ఆ మిషన్ కూడా అడుగుతుంది, కాకపోతే ఇంకా ఖరీదైన ఉలి విరిచి అడుగుతుంది.

రెండోది, కిట్ కొనుక్కోవచ్చు కదా అని. కొనుక్కోవచ్చు. పోతలు సిద్ధంగా వస్తాయి, కష్టమైన ముక్కలు కొన్ని పూర్తయ్యే వస్తాయి. సమయం లేనివాళ్లకు అది మంచి దారి. కానీ ఏ ముక్కలు పూర్తి చేసి ఇస్తారో చూడండి: క్రాంక్‌షాఫ్ట్, రింగులు, వాల్వులు. అంటే సరిగ్గా ఏవి మన చేత పనిముట్లు చేయిస్తాయో అవే.

మూడోదానికి నా దగ్గర సూటి జవాబు లేదు. రెండేళ్ల పైన సెలవు రోజులు, నోట్‌బుక్ ప్రకారం తొమ్మిది వందల గంటలు పోశాక ఇంట్లో ఒక మాట పడింది: "కొండను తవ్వి ఎలుకను పట్టావు." నవ్వాను, ఏం చేయను. ఎలుక చిన్నదే. ఆ తొమ్మిది వందల్లో ఇంజిన్ ముక్కల మీద గడిపింది మూడు వందల చిల్లర. మిగతాది గునపాలు, పారలు చేసుకోవడమే. కొండ తవ్వడం నేర్చుకోవాలని ఉన్నవాడికి ఎలుక పరిమాణం గురించి పెద్ద పట్టింపు ఉండదు, కానీ పక్కనే ఉండి దుమ్ము భరించేవాళ్లకు ఈ మాట చెప్పి ఒప్పించడం కష్టం. ఆదివారాలు నావి మాత్రమే కావని ఒప్పుకోవాలి.

ఇంకో చిన్న విషయం. పెట్రోలుతో నడవని ఇంజిన్ ఇంజినే కాదని కొందరు తేలిగ్గా కొట్టిపారేస్తారు. స్పెయిన్‌కు చెందిన హోసే మాన్యుయెల్ హెర్మో బరెయిరో 12 సిలిండర్ల ఇంజిన్ ఒకటి చేశారు. మొత్తం కలిపి 12 సీసీలే. పన్నెండు వందల గంటల పైన పట్టింది. అది నడిచేది గాలితోనే. ఒక్కో సిలిండరు ఒక సీసీ అంటే, ఆ ముక్కల్ని పట్టుకోవడానికి ఆయన ఏమేం చేసి ఉంటారో ఆలోచిస్తేనే నాకు చెమట పడుతుంది. ఆయన డబ్బా చూడాలని ఉంటుంది నాకు.

నా ఇంజిన్ మొదటి మూడు రోజులూ అంటుకోలేదు. డ్రిల్ మిషన్‌తో తిప్పాను, నిప్పురవ్వ వస్తోంది, పెట్రోలు వస్తోంది, అప్పుడప్పుడూ ఒక తుమ్ము. అంతే. తలుపులు తెరిచి పెట్టుకుని చేశాను (పెట్రోలు పొగ మూసిన గదిలో ప్రాణం తీస్తుంది, ఇందులో సాహసం వద్దు). నాలుగో రోజు టెన్షన్ పక్కన పెట్టి సిరంజి తీశాను. రెండో సిలిండరు ఎగ్జాస్ట్ పోర్టుకు తగిలించి లాగితే సిరంజి పిస్టన్ లాగినచోటే ఉండిపోయింది. నెలక్రితం ఇదే దొరికి ఉంటే తల పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఇప్పుడు డబ్బాలో చేయి పెట్టి సీటు కటర్ తీశాను. వేళ్లతో రెండు చుట్లు, చిటికెడు పేస్టు, మళ్లీ సిరంజి. ఈసారి చప్పున వెనక్కి వచ్చింది. పది నిమిషాల పని.

ఆ సాయంత్రం అంటుకుంది. పెద్ద ఇంజిన్ శబ్దంలా ఉండదది, పెంకుల మీద వడగళ్లు పడుతున్నట్టు ఉంటుంది. నలభై సెకన్లు నడిచింది, వాల్వును తోసే పుష్‌రాడ్ ఒకటి జారి ఆగిపోయింది. పుష్‌రాడ్ మళ్లీ పెట్టి, దాని కప్పు కొంచెం లోతు చేయడానికి గుండ్రటి కొసున్న ఉలి ఒకటి కావాల్సి వస్తే, చేశాను. ఇప్పుడు ట్యాంకు అయిపోయేదాకా నడుస్తోంది. మామయ్య వచ్చి ఒకసారి విన్నాడు. ఇంజిన్ గురించి ఏమీ అనలేదు. వంగి డబ్బా లోపలికి చూసి, ఒక్కో ముక్కా తీసి, ఇది దేనికిరా, ఇది దేనికిరా అని అడిగాడు.

అన్నిటికీ చెప్పాను, ఒక్కదానికి తప్ప. వేలంత పొడవున్న ఇత్తడి గొట్టం, ఒక పక్క చదును చేసి ఉంది, మీద 14.2 అని గీసి ఉంది, నా రాతే. దేనికోసం చేశానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. మామయ్య దాన్ని కాసేపు తిప్పి చూసి, తుడిచి, మళ్లీ డబ్బాలోనే పెట్టాడు.